కంప్యూటరు వీధిలో ఒక శుక్రవారం

సంపాదకులు ఫోను చేసి, "డాక్టరుగారూ, ఎప్పుడూ రక్తపోటూ, చక్కెర జబ్బేనా? ఈసారి ఏదైనా యాత్రావిశేషం వ్రాయండి" అన్నారు. ఏం వ్రాయను? అల్ అయిన్ తోటలూ, జెబెల్ జైస్ కొండా, ఫుజైరా సముద్రతీరమూ మన సభ్యులందరూ పిల్లాపాపలతో చూచి వచ్చినవే. అందుకని యాత్రకని ఎవరూ వెళ్ళని చోటు ఒకటి ఎంచుకున్నాను. షార్జా నుంచి బర్ దుబాయిలోని ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు దాకా మా ప్రయాణం. తేదీ 2021 డిసెంబరు 17, శుక్రవారం. వారం పేరు ఎందుకు చెప్పానో ముందు ముందు తెలుస్తుంది.

నాతో వచ్చినవారు మా పెదనాన్న. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు. తెనాలిలో పుట్టి, బి.ఎస్సీ. లెక్కలు చదివి, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వారి టి.డి.సి. 316 యంత్రం మీద చేయి తిప్పుకొని, 1982లో దుబాయి వచ్చారు. ఇక్కడ ఒక సంస్థలో, పేరు మనకు అనవసరం, జీతాల లెక్కలు వేసే ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేముకు ప్రోగ్రాములు వ్రాస్తూ 2013లో రిటైరయ్యారు. అప్పటినుంచీ షార్జాలో కొడుకు దగ్గరే. కోడలు, అనగా మా వదిన, 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకొని, 2000 సంవత్సరపు గండం గడిచేదాకా హైదరాబాదులో పని చేసి, పెళ్ళయి ఇక్కడికి వచ్చాక అదే ఆఫీసులో చేరింది. మామగారు యంత్రానికి దగ్గరి భాషలో, కోడలు మనిషికి దగ్గరి భాషలో అవే జీతాలు లెక్కకట్టేవారు. ఇంట్లో మాత్రం ఇద్దరిదీ గుంటూరు జిల్లా తెలుగే.

పైకి చెప్పుకున్న పని చిన్నది. పెదనాన్న చొక్కా జేబులో ఒక పసుపు కార్డు ఉంటుంది. ఐ.బి.ఎం. 370 యంత్రం ఆజ్ఞలన్నీ సన్న అక్షరాలతో అచ్చువేసిన మడత కార్డు అది. అంతకు ముందరి 360 యంత్రానికి వచ్చిన కార్డు ఆకుపచ్చది. అంటే మనవాళ్ళు అమెరికాకోసం తపించే గ్రీన్ కార్డుకంటే ముందే మా పెదనాన్న తరానికి ఇంకో గ్రీన్ కార్డు ఉండేదన్నమాట! ఈ పసుపు కార్డు మడతల దగ్గర చిరిగిపోతోంది. దాన్ని జిరాక్సు తీయించి, లామినేషను చేయించాలి. అది షార్జాలోనూ చేస్తారు. కాని ఆయనకు కంప్యూటరు వీధిలోనే చేయించాలని పట్టుదల.

నా పని వేరు. అంతకు రెండు వారాల ముందు ఒక ఆదివారం ఆయనను కూర్చోబెట్టి, మేము పెద్దవారి జ్ఞాపకశక్తి చూచేందుకు అడిగే ప్రశ్నలు అడిగాను. సంవత్సరం సరిగ్గా చెప్పారు. నెల చెప్పారు. ఈరోజు ఏ వారం అంటే గురువారం అన్నారు. తేదీ తప్పింది. మూడు మాటలు చెప్పి, అయిదు నిమిషాల తరువాత అడిగితే ఒక్కటే వచ్చింది. చివరికి, నూరులోంచి ఏడు తీసివేస్తూ వెళ్ళమన్నాను. "పదిలెక్కలోనా, పదహారు లెక్కలోనా?" అన్నారు. వేళాకోళమనుకొని, "పదహారులో చెప్పండి చూద్దాం" అన్నాను. "నూరంటే 64. తరువాత 5డి, 56, 4ఎఫ్, 48, 41" అని ఆగకుండా చెప్పారు. కాగితం మీద వేసుకొని సరిచూడటానికి నాకే పది నిమిషాలు పట్టింది. ఒక్కటీ తప్పు లేదు. బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించాను, రెండూ బాగున్నాయి. నరాల డాక్టరు చూచి, మతిమరుపు జబ్బు ఆరంభంలో ఉన్నదన్నారు. ఇంట్లో అన్నయ్యకూ వదినకూ చెప్పాను. ఆయనకు చెప్పలేదు. తెలిసిన వీధిలో దారి ఎలా పట్టుకుంటారో ప్రక్కనుండి చూడాలని నేను ఆ ప్రయాణానికి ఒప్పుకున్నాను.

కారు డేరాలో పెట్టి, సబ్కా రేవులో అబ్రా ఎక్కాము. ఒక దిర్హం. ఇరవైమంది వీపు వీపు ఆనించి కూర్చునే చెక్క పడవ. అందరూ ముక్కుకూ మూతికీ మాస్కులు కట్టుకున్న రోజులు. శుక్రవారం గనుక క్రీకు రెండు ఒడ్డులా సెలవు జనమే. మా ప్రక్కన కూర్చున్న కుర్రవాడు మా తెలుగు విని, "సారూ, వచ్చే నెల నుంచి శుక్రారం తాతీల్ పోతదంటున్రు, నిజమేనా?" అన్నాడు. జగిత్యాల దగ్గరి ఊరట. "శుక్రారం పని చేస్తె ఓటీ పైసలు ఎక్కువస్తయి. గదే పోతదేమోనని మా రూముల అందరికి పరేషాన్ ఉన్నది" అన్నాడు.

అతని పరేషాను ఉత్తది కాదు. డిసెంబరు 7న ప్రభుత్వం ప్రకటించింది: 2022 జనవరి 1 నుంచి కేంద్ర కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం 12 దాకా పని. షార్జా మరొక అడుగు వేసి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవంది. ప్రైవేటు సంస్థలు తమకు తోచినట్లు చేసుకోవచ్చు. అప్పటి కార్మిక చట్టం 1980 నాటిది, వారపు సెలవు శుక్రవారమేనని పేరు పెట్టి వ్రాసినది. దాని స్థానంలో కొత్త చట్టం 2022 ఫిబ్రవరి 2న అమలుకు వచ్చింది. ప్రకటనకూ అమలుకూ మధ్య నాలుగు వారాలు కూడా లేవు. మనకు బడి వేళలూ, డ్యూటీ వేళలూ మారతాయన్నదే దిగులు. జీతాల ప్రోగ్రాములు చూచేవారికి మాత్రం ఇది చిన్న సైజు 2000 సంవత్సరమే.

"ఏరా డాక్టరూ, ఇవ్వాళ ఏ వారం?" అన్నారు పెదనాన్న. ఆ ఉదయం అది మూడోసారి. శుక్రవారమని చెప్పాను. తలూపి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. యంత్రానికి వారాలు నేర్పిన మనిషి ఆయన.

అది ఎలా నేర్పారో పడవ దిగి, బట్టల బజారు నీడలో నడుస్తూ చెప్పారు. నాకు అర్థమైనంతలో వ్రాస్తాను. తప్పులుంటే సభ్యులలోని ఇంజనీర్లు మన్నించాలి. ఒక బైటులో ఎనిమిది గడులు, ఒక్కొక్కటీ వెలిగే దీపమో ఆరిన దీపమో. వారానికి ఏడు రోజులు. మొదటి గడి శనివారానికి, ఎందుకంటే ఆ రోజుల్లో ఆఫీసు వారం శనివారంతో మొదలు. తరువాత ఆది, సోమ... ఏడోది శుక్రవారానికి. ఎనిమిదోది ఖాళీ. శుక్రవారం ఒక్కటే సెలవైతే ఆ దీపాల వరుసను పదహారు లెక్కలో చదివితే 02. గురు, శుక్రాలు రెండూ సెలవైతే 06. దేశంలో సెలవులు 2006 సెప్టెంబరు 1న శుక్ర, శనులకు మారినప్పుడు 82 అయింది. ఇప్పుడు శని, ఆదివారాలైతే సి0. ఈ దేశపు వారం మారిన కథ అంతా ఆ నాలుగు అంకెల్లో ఉంది. చూచినవాడికి మాత్రం అవి ఉత్త అంకెలు.

"అదే కోబాల్‌లో అయితే?" అన్నాను.

"మీ వదిన 'వీక్లీ ఆఫ్' అని పేరు పెట్టి, దాని ఎదురుగా రోజుల నంబర్లు వ్రాస్తుంది. చదివినవాడికి తెలిసిపోతుంది. కోబాల్ అంటే, కాఫీ పెట్టవే అనడం. అసెంబ్లర్ అంటే, లేచి వంటింట్లోకి వెళ్ళు, రెండో అరలో గిన్నె తియ్యి, పాలు పొయ్యి, పొయ్యి వెలిగించు అని వరసగా చెప్పడం. నేను మీ పెద్దమ్మకు కోబాల్‌లో చెప్పేవాణ్ణి. ఆవిడ నాకు ఏ పనైనా అసెంబ్లర్‌లో చెప్పేది."

ఇంగ్లీషులో వీటిని హై లెవెల్, లో లెవెల్ అంటారు. లో అంటే తక్కువరకమని కాదు, ఇనుముకు దగ్గరని. 360, 370 యంత్రాల్లో రిజిస్టర్లని 16 చిన్న గూళ్ళు ఉంటాయి. అసెంబ్లర్ వ్రాసేవాడు ఏ సంఖ్య ఏ గూట్లో ఉందో, జ్ఞాపకశాలలో ఏ చిరునామాలో ఉందో తానే చూచుకోవాలి. ఒక గూటిని ఆధారంగా పెట్టుకుంటే 4096 బైట్ల దూరం దాకానే చేయి సాగుతుంది. ఆపైన ఇంకొక ఆధారం కావాలి. జీతం 1250 దిర్హాములను మూడు బైట్లలో 01 25 0సి అని కుదించి పెడతారు. చివరి సి, ఇది అప్పు కాదు, జమ అని చెప్పే గుర్తు. కోబాల్‌లో ఇదేమీ అక్కరలేదు. ఓవర్‌టైమును బేసిక్‌కు కలిపి గ్రాస్ అను అని, ఇంచుమించు ఇంగ్లీషు వాక్యంలాగానే వ్రాస్తే కంపైలరనే మరొక ప్రోగ్రాము ఆ చాకిరీ అంతా చేసుకుంటుంది.

మరి అంత సుఖం ఉండగా కష్టం ఎందుకు పడ్డారని అడిగాను. దానికి ఆయన చెప్పినదీ, నేను తరువాత చదివినదీ కలిపి వ్రాస్తున్నాను. 1957లో జాన్ బాకస్ బృందం ఐ.బి.ఎం. 704కు ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు, చేత్తో వ్రాసినంత వేగం కంపైలరు వ్రాసినదానికి వస్తుందా అని అనుభవజ్ఞులెవరూ నమ్మలేదు. 1959లో అమెరికా రక్షణశాఖ పిలిచిన సమావేశం నుంచి కోబాల్ పుట్టింది. దానికి మూలం గ్రేస్ హాపర్ తయారుచేసిన ఫ్లోమాటిక్. ఇంగ్లీషు మాటలతో యంత్రాన్ని నడపవచ్చని ఆమె వాదించినప్పుడు చాలామంది నవ్వారు. ఆ నవ్వుకు ఒక కారణం పేదరికం. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. ప్రకటించిన 360 వరుసలో చిన్నదైన మోడల్ 30కు మరీ తక్కువగా 8 వేల బైట్ల చోటు ఉండేది. ఈ వ్యాసం అందులో పట్టదు! అంత ఇరుకులో కాపురం చేసేవాడు ఒక్కొక్క బైటూ లెక్కపెట్టుకుంటాడు గదా. వేగం ఇంకొక కారణం. విమానం టిక్కెట్ల వ్యవస్థలు ఏళ్ళ తరబడి అసెంబ్లర్‌లోనే నడవటానికి కారణం అదే. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి రెండు మూడు సెకన్లలో జవాబు రావాలి.

ఐ.బి.ఎం. వారు ఒక్క మంచి పని చేశారు, లేక చెడ్డ పని అనాలేమో. 360కి వ్రాసిన మామూలు ప్రోగ్రాము దాని తరువాతి తరాల మెయిన్‌ఫ్రేముల మీదా నడిచేటట్లు చూచుకుంటూ వచ్చారు. అందువల్ల 1980లలో మా పెదనాన్న వ్రాసిన సెలవుల మాడ్యూలును 2021లో కూడా ఆ ఆఫీసు యంత్రం ప్రతి నెలా నమ్మకంగా నడుపుతోంది. వదిన వ్రాసిన కోబాల్ ప్రోగ్రాము, "ఇది సెలవు రోజా?" అని దాన్నే అడుగుతుంది. అయితే ఆఫీసు 1990లలో ఇల్లు మారినప్పుడు దాని మూలప్రతి ఎక్కడో పోయింది. యంత్రం చదివే అంకెల రూపం మాత్రమే మిగిలింది. కోబాల్‌ది మూలప్రతి పోతే ఏడుస్తాం. అసెంబ్లర్‌ది పోతే అంకెల్లో వెతుక్కోవచ్చు, వ్రాసినవాడు బ్రతికి ఉంటే.

మీనా బజారు దాటాక పెదనాన్న ఒక మలుపు దగ్గర ఆగిపోయారు. కుడికా, ఎడమకా? నేను చెప్పలేదు. ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. "ఇక్కడ మనవాళ్ళ పచారీ కొట్టు ఉండాలే" అన్నారు. అక్కడున్నది మొబైలు ఫోన్ల దుకాణం. చివరికి నేనే చేయి పట్టుకొని నడిపించాను. అది ఆయనకు నచ్చలేదు. చేయి విడిపించుకొని ముందుకు నడిచారు, అదృష్టవశాత్తూ సరైన వైపుకే.

ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుకు బ్యాంకు వీధి అని ఒక పేరు, కంప్యూటరు వీధి అని మరొక పేరు. బ్యాంకులు ఒక చివర, కంప్యూటరు కొట్లు మరొక చివర. 1981లో వరల్డ్ ట్రేడ్ సెంటరులో గల్ఫ్ కంప్యూటర్ ప్రదర్శన మొదలైంది. దానినే తరువాత జైటెక్స్ అన్నారు. కాని విడి భాగాలు, కార్ట్రిడ్జిలు, కేబుళ్ళు కొనాలంటే జనం వచ్చింది ఈ వీధికే. అద్దాల వెనుక లాప్‌టాపులు దోసెల్లా పేర్చి ఉంటాయి. పెదనాన్న వాటికేసి చూడను కూడా చూడలేదు. మెయిన్‌ఫ్రేము కొట్లో దొరికే వస్తువు కాదు. అయినా ఆయనకు ఈ వీధంటే ఇష్టం. జీతం అందిన శుక్రవారం సాయంత్రం ఇక్కడికి వచ్చి, ఏమీ కొనకుండా, కొత్తగా ఏమి వచ్చిందో చూచి, చాయ్ త్రాగి వెళ్ళేవారట.

జిరాక్సు కొట్టు మలయాళీ అబ్బాయిది. కార్డు పూర్తిగా విప్పితే బల్ల చివరిదాకా వచ్చింది. "రెండు ముక్కలు చేస్తేగాని యంత్రంలో పట్టదు" అన్నాడు. పెదనాన్న కార్డు వెనక్కి లాగేసుకున్నారు. అరగంట బేరం తరువాత పెద్ద పటాలకు వాడే లామినేషను ప్రక్క కొట్లో ఉందని తెలిసి, అక్కడికి పంపించాడు. అది తయారయ్యేదాకా ఎదురుగా కరక్ చాయ్ తీసుకొని కూర్చున్నాము.

అప్పుడు నేను సంచిలోంచి కాగితాలు తీశాను. వదిన ఇచ్చినవి, సెలవుల మాడ్యూలు అంకెల రూపం ప్రతి. బుధవారం పరీక్షకని ఆమె దానిలో 82 ఉన్న ఆజ్ఞలు వెతికింది. నాలుగు దొరికాయి. నాలుగింటినీ సి0 చేసి నడిపింది. సెలవులు సరిగ్గానే వచ్చాయి. కాని కొంతమంది కార్మికులకు, రెండేళ్ళకొకసారి ఇంటికి వెళ్ళేందుకు ఇచ్చే విమానం టిక్కెట్టు ఎదుట 'లేదు' అని పడింది. ఎందుకో అంతుబట్టలేదు. మామగారిని నేరుగా అడగడానికి ఆమెకు బెరుకు. జవాబు రాకపోతే ఆయన మనసు ఎలా ఉంటుందోనని ఆమె భయం.

పెదనాన్న కళ్ళద్దాలు మార్చుకొని చదవటం మొదలుపెట్టారు. నేను చూచినది ఇక్కడ ఉన్నదున్నట్లు చెప్పాలి. మలుపు దగ్గర దారి తెలియక నిలబడ్డ మనిషి, ఆ అంకెల వరుసల మీద వేలు పెట్టి, మనం దినపత్రిక చదివినంత సులువుగా చదువుకుంటూ పోయారు. మూడో పేజీలో ఆగి, "దీన్ని ఎందుకు కెలికింది అమ్మాయి? నేను మార్చింది మూడే" అన్నారు.

వదినకు ఫోను చేశాను. ఆమె ముందు నాతో, "మరిదిగారూ, ఒక్క మాట చెప్పండి. ఆయన మూడే అన్నది నమ్మవచ్చా? మొన్న నన్ను మా అత్తగారి పేరుతో పిలిచారు. జనవరి జీతాలు వేలమందివి" అంది.

డాక్టరుగా నేను ఆ మాటకు పూచీ ఇవ్వలేను. ఈ జబ్బులో కొత్తగా విన్నది ముందు పోతుంది, ఏళ్ళ తరబడి చేసిన పని చాలాకాలం నిలుస్తుంది. కాని 2006లో మూడా, నాలుగా అన్నది పని కాదు, జ్ఞాపకం. అదే ఆమెతో చెప్పి, "ఎన్ని మార్చారని అడగవద్దు. ఆ నాలుగోది వేరని ఎలా తెలుసో అడుగుదాం" అన్నాను. ఫోను ఆయన చేతికిచ్చాను.

"అమ్మాయ్, 91 అంటే దీపాలు పరీక్షించమని. ప్రక్కన 82 అంటే ఏ దీపాలో. ఆ తరువాతివి చిరునామా. చూడు, మూడింటిలో సి208 అని ఉంది. సి అంటే పన్నెండో రిజిస్టరు, నా రోజు బైటు ఉండేది అక్కడ. నాలుగోదాని చిరునామా 9010. తొమ్మిదో రిజిస్టరు. అది మనిషి రికార్డు. వాడికి టిక్కెట్టు అర్హత ఉందా, లేదా అన్న దీపాలు అవి. మొదటినుంచీ 82యే. 2006లో నేను 06 కోసం వెతికాను గనుక అది అడ్డు రాలేదు. నువ్వు 82 కోసం వెతికావు గనుక దొరికింది."

అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తరువాత, "అవును మామయ్యగారూ, రిజిస్టరు వేరే ఉంది. నేను చూచుకోలేదు" అంది.

ఆయన మొహంలో గెలుపు ఏమీ కనపడలేదు. "తప్పు నాదేనమ్మా. పేరు పెట్టకుండా ఉత్త అంకె వ్రాశాను. డైరీలో వ్రాసుకున్నాను గాని, ఆ డైరీ ఎక్కడ పెట్టానో..." అని ఆగిపోయి, చాయ్ కప్పు ఎత్తి చూచారు. ఖాళీ అయింది. "చాయ్ త్రాగామా?" అన్నారు.

కోబాల్ వచ్చినవారికి అసెంబ్లర్ అక్కరలేదని నేను అనుకునేవాణ్ణి. వదిన మాట వేరు. ఆమె చేరిన కొత్తలో ఒక రాత్రి జీతాల పని ఎస్0సి7 అని ఆగిపోయిందట. వాళ్ళ భాషలో 'సాక్ సెవెన్'. అంకె ఉండవలసినచోట అంకె కానిది ఉందని అర్థం. కోబాల్ ప్రోగ్రాము ఎన్నిసార్లు చదివినా తప్పు లేదు. మామగారు వచ్చి, ముద్రించిన జ్ఞాపకశాల కట్టలో వేలు పెట్టి, ఒకరి జీతం గడిలో 40 40 40 అని చూపించారు. ఆ యంత్రంలో 40 అంటే ఖాళీ జాగా. ఎవరో జీతం వేయకుండా వదిలేశారు. మేము కూడా రోగి చెప్పేది వింటాము, రిపోర్టులు చూస్తాము. ఒక్కొక్కసారి వాటన్నిటినీ ప్రక్కన పెట్టి పొట్ట మీద చేయి వేసి చూడవలసిందే.

జనవరి జీతాలు సరిగ్గా వచ్చాయి. మూడు చోట్ల 82 పోయి సి0 వచ్చింది. నాలుగోది అలాగే ఉంది. అబ్రాలో కలిసిన జగిత్యాల కుర్రవాడు ఏ సంస్థలో పని చేస్తున్నాడో నేను అడగలేదు. అతని ఓటీ ఏమైందో తెలియదు.

వదిన అంతటితో ఆగలేదు. 2022 వేసవి అంతా, రోజూ సాయంత్రం ఒక గంట, మామగారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆ మాడ్యూలు ఒక్కొక్క ఆజ్ఞా ఆయనచేత చెప్పించి కోబాల్‌లోకి మార్చింది. కొన్ని రోజులు చక్కగా సాగేది. కొన్ని రోజులు, "ఇది ఎవరు వ్రాశారు? బాగుంది" అనేవారు. నవంబరుకు పని పూర్తయింది. చివరి ప్రతి ఆయనకిచ్చి చూడమంది. నాలుగు పేజీలు తిప్పి, "ఇది నేను చూడటం ఎందుకమ్మా, ఎవరైనా చదువుకోవచ్చు" అని తిరిగి ఇచ్చేశారు. మెచ్చుకున్నారో, చిన్నబుచ్చుకున్నారో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పసుపు కార్డు ఆయన దగ్గరే ఉంది. లామినేషను తరువాత అది మడత పడటం లేదు, జేబులో పట్టటం లేదు. నన్ను చూచినప్పుడల్లా అదే ఫిర్యాదు.